ఖాళీ రాయికి గురిపెట్టిన లెన్సు

అక్క దశదిన కర్మకు వచ్చినవాళ్ళలో సగం మంది ఒక ఫొటో ముందు ఆగిపోయారు. దండ వేసిన ఆమె ఫొటో ముందు కాదు, దాని పక్కన గోడకు వేలాడుతున్న పెద్ద ఫ్రేము ముందు. అందులో ఒక రాయి ఉంది. హైదరాబాదులో ఎక్కడ చూసినా కనిపించే మామూలు బండరాయి. నడుమ ఒక పగులు, పగులులో కాస్త ఎండుగడ్డి. పిట్ట లేదు, పురుగు లేదు. చిరుతపులిని, పరుగు పందేలను, చంద్రుణ్ణి తీసిన మనిషి తన హాల్లో పెట్టుకున్నది ఈ ఒక్క ఫొటోనే.

దూరపు బంధువు ఒకావిడ "దేవుడు వెలిసిన రాయి కావొచ్చు" అని దండం పెట్టుకుంది. ఆమెను చూసి వెనకున్నవాళ్ళూ పెట్టుకున్నారు. అక్క తమ్ముణ్ణి అడిగితే, "ఏమో, మా అక్క ఏం జేసినా దాని వెనక ఒక లెక్క ఉంటది" అన్నాడు. ఆ లెక్క నాకు తెలుసు. ఆ ఫొటో తీస్తున్నప్పుడు నా వీపు ఆమె వీపుకు ఆనుకుని ఉంది. ఆ రాయి సంగతి నాకంటే తెలిసినవాడు ఈ ఊళ్ళో లేడని ఆ రోజు భోజనాల దాకా నేను మహా ధీమాగా ఉన్నాను.

ఆమె పేరు రాయను, నాకు అక్క అని పిలవడమే అలవాటు. ఫొటో కింద పేరు వేసుకోవడానికే ఇష్టపడని మనిషి. హైదరాబాదులోని రాయదుర్గంలో ఇద్దరం ఒకే కంపెనీలో పనిచేశాం. నేను ప్రోగ్రాం రాసేవాణ్ణి, ఆమె టెస్టింగ్ టీముకు పెద్ద. అంటే నేను చేసిన తప్పులు పట్టుకోవడం ఆమె ఉద్యోగం, పట్టుకున్నాక ఆ తప్పు ఆమెదేనని వాదించడం నా అలవాటు. నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చినవాణ్ణి. ఆమెది కొత్తగూడ. కొత్తగూడకు ఫ్లైఓవరు రాకముందు, జంక్షను రాకముందు, అది ఊరుగా ఉన్నప్పటి కొత్తగూడ. క్యాంటీన్లో కొత్తగా చేరినవాళ్ళు హైటెక్ సిటీ తమతోనే మొదలైనట్టు మాట్లాడుతుంటే ఆమె దోసె తుంచుకుంటూ, "మీరు కూసున్నకాడ మా మేకలు మేసేటియి" అనేది. ఎవరూ నొచ్చుకునేవాళ్ళు కాదు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉండేది కాదు, సమాచారమే ఉండేది.

మొదటిసారి ఆమెతో మాట్లాడింది ఒక క్యాచ్ వదిలేసినందువల్ల. గచ్చిబౌలిలో కంపెనీల మధ్య క్రికెట్ పోటీ. నన్ను బౌండరీ దగ్గర నిలబెట్టారు, బంతి అటువైపు రాదన్న నమ్మకంతో. వచ్చింది. చేతుల్లోనే పడింది, చేతుల్లోంచే జారింది. సోమవారం నా డెస్కు మీద ఒక ప్రింటు. బంతి నా వేళ్ళకు జానెడు కింద ఉంది, నా మొహం మాత్రం ఇల్లు కాలిపోతుంటే చూస్తున్నవాడి మొహంలా ఉంది. ఎవరు తీశారో కనుక్కుని పరుగున వెళ్ళాను.

"ఇది డిలీట్ చేయాల మేడం" అన్నాను.

ఆమె కళ్ళజోడు పైకి జరిపి నన్ను, ఫొటోను మార్చి మార్చి చూసింది. "ఎందుకు తమ్మి? క్యాచ్ పోయింది గని మొఖం మస్తుగ వచ్చింది."

"అయినా నేను మీకు ఫర్లాంగు దూరంలో ఉన్నా గదా, ఎట్ల తీసినారు?"

అప్పుడు బీరువా తలుపు తీసి తన లెన్సు చూపించింది. ఆమె మనిషి ఎత్తు తక్కువ, నా భుజం దాకా వస్తుందేమో. ఆ లెన్సు ఆమె చేయి పొడవుంది. పాత కర్టెన్ గుడ్డతో సంచీ కుట్టి తొడిగింది, మామిడిపండు రంగు పూల కర్టెన్. అడవిలో జంతువుకు కనపడకూడదని అందరూ ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు చుడతారు. ఈమె పూల కర్టెన్ చుట్టింది. అడిగితే, "పిట్టలకు నేనెట్లున్నా తెలుస్తది, దొంగలెక్క పోయేదెందుకు" అంది.

ట్రైపాడ్ వెయ్యడానికి వీలులేని చోట ఆనించుకోవడానికి ఇంకో చిన్న సంచీ ఉండేది. దానిలో జొన్నలు పోసి కుట్టేసింది. పిట్టగోడ మీద సంచీ, సంచీ మీద లెన్సు, లెన్సు వెనక ఆమె. ఒకసారి ఆ సంచీ మూల చిరిగి జొన్నలు కారిపోతుంటే పావురాలు వచ్చి వాలాయి. ఆ రోజంతా తీయాల్సిన పిట్టను వదిలేసి వాటికే జొన్నలు జల్లుతూ కూర్చుంది. ఇలాంటి మనిషి మా ప్రోగ్రాముల్లో ఒక్క చుక్క తేడా ఉన్నా వదిలేది కాదు, అదే నాకు వింత.

ఆమె నోట ఎప్పుడూ ఒక మాట ఉండేది. సఫారీ జీపులో డ్రైవరు ఇంకొంచెం ముందుకు పోనివ్వనా అన్నా, మైదానంలో ఎవరైనా తాడు దాటి లోపలికి రమ్మన్నా అదే జవాబు. "దగ్గరికి పోవద్దనే గదా ఇంత పొడుగు లెన్సు కొన్నది." నేను మొదట్లో అది బద్ధకం అనుకున్నాను. అది ఆమె పద్ధతని చాలా ఆలస్యంగా తెలిసింది. మనుషులతోనూ అంతే.

వాళ్ళ ఇల్లు ఇప్పుడు అంతస్తుల బిల్డింగు. పై అంతస్తులు ఆడపిల్లల హాస్టలుకు కిరాయికిచ్చారు. పున్నమి రోజు సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఆ మేడ మీదకు వెళ్ళేవాళ్ళం. రెండు అద్దాల టవర్ల నడుమ నుంచి చంద్రుడు పైకి వస్తాడు, ఏ నెల ఏ పిట్టగోడ మూల నుంచి కనిపిస్తాడో ఆమెకు తెలుసు. లెన్సులోంచి చూస్తే చంద్రుడు నిలబడడు, మనం చూస్తుండగానే అంచు దాటి జారిపోతుంటాడు. నేను విసుక్కుంటే, "ఆయన ఆగడు తమ్మి. మనమే జరగాలె" అని మెల్లగా లెన్సు తిప్పేది. ఒక పున్నమి నాడు తీగ మీద ఆరేసిన బట్టల వెనక ఒక పిల్ల ఫోను పట్టుకుని ఏడుస్తోంది. అక్క చూసింది. చంద్రుణ్ణి వదిలేసి కిందికి వెళ్ళి చాయ్ తెచ్చింది. ఆ పిల్లకు అందేంత దూరంలో గోడ మీద గ్లాసు పెట్టి, ఏమీ అడక్కుండా వచ్చి మళ్ళీ లెన్సు వెనక కూర్చుంది. పిల్ల చాయ్ తాగింది. అప్పటికి చంద్రుడు టవరు పైకి వెళ్ళిపోయాడు, మాకు ఫొటో దక్కలేదు.

మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా ఆమె నన్ను ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "నీ పని నేను చూస్కుంట, ఊరికి పో" అంది, అంతే. ఆమె ఎందుకు పెళ్ళి చేసుకోలేదో నేనూ ఎన్నడూ అడగలేదు. ఆమె దగ్గర నేర్చుకున్న మర్యాద అది.

ఇక గూబ సంగతి. తల మీద కొమ్ముల్లా ఈకలు లేచి ఉండే పెద్ద గుడ్లగూబ. ఒక కుంట, దాని చుట్టూ బండలు, ఆ బండల్లో ఒకదాని మధ్య అరుగులాంటి చోటు. అక్కడ అది గుడ్లు పెట్టింది. ఎక్కడని అడగకండి. ఏ ఫొటో ఎక్కడ తీశారని ఎవరడిగినా ఆమె "హైదరాబాదుల" అనేది. నేనూ అదే చెబుతాను. గచ్చిబౌలికీ రాయదుర్గానికీ నడుమ అనుకోండి, కాదనుకోండి, మీ ఇష్టం.

అరుగు మీద ఆ తల్లి కూర్చున్నది తీసింది. దూదిపింజల్లాంటి రెండు పిల్లలు తల ఎత్తినది తీసింది. తల్లి ఎలుకను తెచ్చి పెట్టినది తీసింది. మిగిలింది ఒకటే, పిల్ల మొదటిసారి ఎగిరేది. ఆ ఒక్కటి ఎందుకంత ముఖ్యమో ఒక రోజు ఆమే చెప్పింది. "మా చిన్నప్పుడు ఇంటెనక గుట్ట మీద గిట్లనే గూడు పెట్టింది తమ్మి. గూబ అరిస్తే కీడని ఊరంత రాళ్ళు కొట్టిన్రు. పిల్లలు కిందపడ్డయి. నేను అంగీల పెట్టుకోని ఇంటికి తెచ్చిన. తెల్లారే దాక ఉన్నయి. ఎగిరే దాక బతికిన గూబపిల్లను నేను ఇంత వరకు చూడలే." యాభై దాటిన మనిషి అది చెప్పి ముక్కు చీదుకుని లెన్సు తుడవడం మొదలుపెట్టింది. నేను కుంట వైపు చూస్తూ కూర్చున్నాను.

తప్పు ఆమె వల్లే జరిగింది. మా డైరెక్టరు గారు కాకినాడ వైపు మనిషి, ఆయనకూ ఫొటోల పిచ్చి, ఆయనకూ పెద్ద లెన్సుంది. కంపెనీ క్యాలెండరుకు ఒక్క ఫొటో ఇవ్వండి మేడం అని వెంటపడ్డారు. ఆమె తల్లి గూబ ఫొటో ఇచ్చింది. వెనకంతా మసకే కదా అనుకుంది. కానీ పొడుగు లెన్సుకు ఒక గుణం ఉంది. ఎక్కడో మైలు దూరంలో ఉన్నదాన్ని లాక్కొచ్చి ముందున్నదాని వీపుకు ఆనిస్తుంది. గూబ చెవి పక్కన మసకగా నీలం అద్దాల మూల ఒకటి, దాని మీద ఏటవాలుగా నారింజ రంగు పట్టీ. అది మా పక్క టవరు. డైరెక్టరు గారు రోజూ తన కిటికీలోంచి చూసేదే. ఇంజనీర్ల చేతికి అంత దొరికితే చాలదా? క్యాంటీన్ టేబులు మీద మ్యాపు తెరిచి, టవరు మూల నుంచి గీత గీసి, గీత ఏయే బండల మీదుగా పోతుందో తేల్చేశారు. ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే పడింది.

ఆదివారం పెద్ద గుంపే వచ్చింది. గీత వాళ్ళను కుంట దాకా తెచ్చింది కానీ అరుగు ఏ బండలో ఉందో తెలియదు. కనిపించిన బండల్లా ఎక్కారు. ఒకాయన ఫోన్లో గూబ కూత పెట్టి గట్టిగా వినిపించాడు. అది విని తల్లి అరుగు మీద నుంచి లేచి, వాళ్ళ కంట పడకుండా ఎటో వెళ్ళిపోయింది. పిల్లలు ఎండలో, పైన కాకులు. అక్కా నేనూ దూరంగా ఉన్నాం. ఆమె లెన్సులోంచి కన్ను తీయలేదు. "తల్లి రాకుంటే ఇగ బతకయి" అంది. గుంపు ఎండకు తట్టుకోలేక వెళ్ళిపోయాక, పొద్దు వాలుతుండగా తల్లి తిరిగి వచ్చింది. అప్పుడు ఆమె లెన్సుకు మూత పెట్టింది.

"డైరెక్టరు గారికి మెయిల్ పెడదాం అక్కా" అన్నాను.

"ఏమని? గీడ గూడున్నది, రావద్దు అనా?" అంది. "వద్దంటే ఇంకింత మంది వస్తరు."

ఆ శుక్రవారం రాత్రి అక్క ఫోను. "పొద్దుగాల రా తమ్మి. కెమెరా వద్దు. చాయ్ ఫ్లాస్కు తే."

వెళ్ళేసరికి కుంటకు ఇవతలి గట్టు మీద ట్రైపాడ్ నిలబెట్టి, లెన్సు బిగించి, స్టూలు మీద కూర్చుని ఉంది. లెన్సు నీళ్ళ అవతలి బండ మీదకు గురిపెట్టి ఉంది. చూశాను. నడుమ పగులు, కాస్త ఎండుగడ్డి. నాకు అర్థం కాలేదు.

"గూబ ఈ పక్క గదక్కా, వెనకాల?"

"ఆడనే ఉంటది. నువ్వు అటు తిరిగి కూసో. ఏం జరిగితే అది నాకు చెప్పు."

వెలుగు రాగానే గుంపు వచ్చింది. కెమెరా మెడలో వేసుకున్నవాళ్ళు పిట్టను వెతకరు, అందరికంటే పెద్ద లెన్సు ఎటు తిరిగి ఉందో వెతుకుతారు. అక్కను చూడగానే అందరి నడకా నెమ్మదించింది. ఒక్కొక్కరే వచ్చి ఆమెకు అటూ ఇటూ వరసగా ట్రైపాడ్లు దింపి ఆ రాయికే గురిపెట్టారు. బండలెక్కినవాడు లేడు, కూత వినిపించినవాడు లేడు. పూజకు కూర్చున్నట్టు కూర్చున్నారు.

డైరెక్టరు గారు పక్కకు వచ్చి గుసగుసగా అడిగారు. "ఉందా అండీ అక్కడ?"

"రాయి ఉంది సార్" అంది అక్క.

ఆయన నవ్వారు. ఆమె గుట్టు విప్పదని అందరికీ తెలుసు కదా. ఆ నవ్వు విని పక్కనున్నవాళ్ళు లెన్సులు ఇంకా గట్టిగా బిగించుకున్నారు. తర్వాత నేను ఆటపట్టిస్తే, "నేనేం అబద్ధమాడిన? ఉన్నదే చెప్పిన" అంది.

అలా వరసగా శని, ఆదివారాలు. ఆమె వీపుకు నా వీపు ఆనించి, ఒళ్ళో లాప్‌టాప్, చెవిలో హెడ్‌ఫోన్లు, ఆఫీసు కాల్ లో ఉన్నవాడిలా మెల్లగా చెబుతుండేవాణ్ణి. "పెద్దోడు లేచినాడు. రెక్కలు దులుపుతాండాడు. చిన్నోడు ఇంగా పండుకోనే ఉండాడు." ఒకతను పెద్దోడంటే మా మేనేజరనుకుని నా భుజం మీద చెయ్యి వేసి, మీ సీనియర్‌తో బాగా ఇబ్బందిగా ఉన్నట్టుందే అని జాలిపడ్డాడు కూడా. ఇదంతా నాకు తమాషాగా ఉండేది. ఆమెకు ఎలా ఉండేదో నా వీపుకు తెలిసేది. పిల్లవాడు రెక్క విదిలించాడనగానే ఆమె వెన్ను నిటారుగా అయ్యేది. ఒక్కసారి తల తిప్పితే చాలు, కనిపిస్తుంది. తిప్పలేదు. ఆమె తిప్పితే అందరూ తిప్పుతారు.

ఒక ఆదివారం పెద్దోడు అరుగు చివరికి వచ్చాడు.

"అంచుకొచ్చినాడక్కా."

"ఇంకా?"

"వంగి కిందికి చూస్తాండాడు. వెనక్కి పోయినాడు. మళ్ళా వచ్చినాడు."

"తల్లేడున్నది?"

"నా ముందరి బండ మీద. పిలుస్తాండాది అనుకుంటా." నా గొంతు నాకే వినపడటం లేదు. "రెక్కలు తెరిచినాడు. అక్కా, ఎగిరినాడు."

రాయి పడినట్టు పడ్డాడు ముందు. నేలకు తగులుతాడనగా గాలి దొరికింది, ఊగుతూ ఊగుతూ వెళ్ళి ఆ బండ మీద తల్లి పక్కన వాలాడు. నా కళ్ళ ముందు. అంతలో కాకులు చూశాయి. ఒక్కటి అరిచింది, తర్వాత పది. గట్టు మీద వరసలో ఎవరో "వెనకేంటి గోల" అన్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి.

అక్క కెమెరా మీట నొక్కింది. నొక్కి పట్టుకుంది. టకటకటకమని ఆగకుండా మోగిపోయింది. వచ్చింది, వచ్చింది అని అటూ ఇటూ ఉన్న లెన్సులన్నీ రాయి మీదకు తిరిగాయి, అన్ని కెమెరాలూ కలిసి మోగాయి. కాకుల అరుపు ఆ చప్పుడులో కలిసిపోయింది. ఖాళీ రాయిని అంత మంది అంత శ్రద్ధగా తీయడం ఆ ఊరి చరిత్రలో ఉండదు. నాకు నవ్వాగలేదు. అప్పుడే నా వీపుకు ఆమె వీపు కదలడం తెలిసింది. ఆమె కూడా నవ్వుతోందనుకున్నాను. ఏడుస్తోంది.

గుంపు వెళ్ళాక కొత్తగూడలో ఇరానీ చాయ్ ముందు పెట్టుకుని, "చెప్పు తమ్మి, మొదటి సంది చెప్పు" అంది. చెప్పాను. అయిపోగానే మళ్ళీ చెప్పమంది. "రెక్క చప్పుడు వచ్చిందా?" అని అడిగింది. లేదక్కా అన్నాను. "రాదు, గూబ ఎగిరితే చప్పుడుండదు" అని తల ఊపి, చల్లారిన చాయ్ తాగింది. అంత సంతోషంగా ఉన్న మొహం నేను ఆ లెన్సుకు అటుపక్క గానీ ఇటుపక్క గానీ చూడలేదు. మరుసటి ఏడు దగ్గర్లో బండలు పేలుస్తుంటే గూబలు రాలేదు. ఆ తర్వాతి చలికాలం రాకముందే ఆమె గుండె ఆగిపోయింది. పిల్ల ఎగరడం ఆమె చూడనే లేదు.

దశదిన కర్మ రోజు భోజనాలయ్యాక డైరెక్టరు గారు ఆ ఫ్రేము ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. చెప్పాలా వద్దా అనుకుంటూ నేను పక్కకు వెళ్ళాను.

"ఆ రోజు కాకుల గోల నేనూ విన్నానండీ" అన్నారు ఆయన. "తిరిగి చూశాను కూడా. మీరు అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నారు. మీ తల మీదుగా కనిపించాయి, తల్లీ పిల్లా."

"మరి సార్?"

"మరేముందండీ. ఆవిడ తిరగకుండా నొక్కుతూ ఉంటే అప్పుడు తెలిసింది, ఇన్ని వారాలూ ఎందుకు కూర్చున్నారో. నేనూ రాయి వైపే తిరిగి నొక్కాను." ఫోను తీసి చూపించారు. అదే రాయి, కాస్త ఎడమ పక్క నుంచి. "దాచుకున్నానండీ."

"అక్కకు చెప్పారా?"

"లేదండీ. ఆవిడ అంత దూరాన పెట్టుకున్నదాని దగ్గరికి నేను వెళ్ళడం ఎందుకని."

ఆ లెన్సును ఆమె తమ్ముడు నాకిచ్చాడు, పూల కర్టెన్ సంచీతో సహా. ఈ చలికాలం గూబ మళ్ళీ అరుగు మీద కూర్చుని పిల్లల్ని పొదిగింది. గ్రూపులో మళ్ళీ కబురు పాకింది. ఈ శనివారం పొద్దున్నే నేను గట్టు మీద స్టూలు వేసుకుని, నీళ్ళ అవతలి బండకు లెన్సు గురిపెట్టాను. నా వీపుకు డైరెక్టరు గారి వీపు ఆని ఉంది. ఆయన చెవిలో హెడ్‌ఫోన్లు.

"పెద్దబ్బాయి లేచాడండీ" అంటున్నారు మెల్లగా. "రెక్కలు దులుపుకుంటున్నాడండీ."

నా మెడ దానంతట అది వెనక్కి తిరగబోయింది. పట్టుకుని ఆపుకున్నాను. అప్పుడే ఒకమ్మాయి కొత్త కెమెరాతో వచ్చి పక్కన వంగింది.

"ఏముందన్నా అక్కడ?"

"రాయి ఉందమ్మా" అన్నాను.

ఆమె నవ్వి, నా పక్కనే ట్రైపాడ్ దింపింది.